అవ్వతో చెప్పించిన పేరు

రెండు ఉత్తరాలూ ఒకే వారంలో వచ్చాయి. హైదరాబాదు కాలేజీవాళ్ళు చెవుల చదువులో పీజీ సీటు ఇస్తామన్నారు. బెంగుళూరువాళ్ళు మాటల చదువులో ఇస్తామన్నారు. ఏది కావాలో పదిరోజుల్లోగా జవాబు చెప్పాలి. చెప్పకపోతే సీటు వెనకున్నవాళ్ళకు పోతుంది.

డిగ్రీలో రెండూ కలిపే చదివాను. వినికిడి, మాట, రెండూ ఒకే కోర్సు. పైచదువుకు వచ్చేసరికి దారి చీలుతుంది. వినికిడి వైపు పోయినవాళ్ళు చెవులు పరీక్షించి మిషన్లు పెడతారు. మాట వైపు పోయినవాళ్ళు నత్తి ఉన్నవాళ్ళతోనూ, మాటలు రాని పిల్లలతోనూ, పక్షవాతం వచ్చి నోరు పడిపోయినవాళ్ళతోనూ కూర్చుంటారు. ఒకసారి ఒక దారిలో పడ్డాక రెండోదానికి మళ్ళడం కష్టం. ఇది రెండువేల ఐదు, ఆరు ప్రాంతంలో సంగతి. మా డోన్‌లో ఈ రెండిటికీ తేడా తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. బంధువులు నన్ను 'మాటల డాక్టరు' అనేవాళ్ళు. చిన్నప్పటి నుంచీ ఇంట్లో నన్ను వసపిట్ట అని ఎగతాళి చేసేవాళ్ళు కాబట్టి, ఆ బిరుదు నాకు తగినదేనని వాళ్ళకు అనిపించి ఉంటుంది.

మా నాయనకు డోన్ బజారులో పచారి అంగడి ఉండేది. ఆయనకు చెవుల చదువే నచ్చింది. దానికి ఆయన చెప్పిన కారణం అంగడివాడు చెప్పే కారణమే.

"మిషను చేతిలో పెడతావు, వాడు చెవికి పెట్టుకోని పోతాడు. మాట యాడ పెడతావు చేతిలో?" అన్నాడు. "మన అంగడి పక్క గది ఖాళీగా ఉండాది. చెవుల మిషన్లు పెట్టుకో. మాట అందరికీ వస్తాది. రానోనికి డాక్టరేమి నేర్పిస్తాడు?"

వేంపల్లె నుంచి మా మేనమామ ఫోను చేసి అదే మాట అన్నాడు. ఈ ఇద్దరూ ఒక విషయంలో ఏకాభిప్రాయానికి రావడం నేను అంతకు ముందు చూడలేదు.

నాకు మాత్రం మాటల వైపే మనసు. కారణం ఆశయం అని చెబితే బాగుంటుంది గానీ, నిజానికి గర్వం. నేను అప్పటికే ఒక మనిషికి మాట తెప్పించాను.

డిగ్రీ అయ్యాక ఏడాదిపాటు కర్నూలులో ఒక నరాల డాక్టరు నర్సింగ్‌హోములో పనిచేశాను. సెలైను సీసాలు పెట్టుకునే గదిని ఖాళీ చేసి నాకిచ్చారు. ఒక బల్ల, మూడు కుర్చీలు, బొమ్మల అట్టలు, ఒక టేపురికార్డరు. అక్కడికి పత్తికొండ అవతల పల్లె నుంచి ఒక ముసలి దంపతులు వచ్చారు. ఆమెకు అరవై ఉంటాయి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట పోయింది. మనం చెప్పేదంతా అర్థమయ్యేది. నోరు తెరిస్తే మాత్రం 'ఆ', 'ఊ' తప్ప వచ్చేది కాదు. మూడు నెలలు కర్నూలులోనే కూతురింట్లో ఉండి, వారానికి మూడు రోజులు ఆటోలో వచ్చేవాళ్ళు. నేను ఆమెను అవ్వా అనేదాన్ని, ఆయనను తాతా అనేదాన్ని.

మొదటిరోజు పరీక్ష పెట్టాను. ఆ పరీక్ష ఎక్కడో ఇంగ్లీషులో తయారై, మా కాలేజీలో తెలుగులోకి మారిన కాగితం. మీ పేరేమిటి, మీ ఊరేది, ఇది చలికాలమా ఎండాకాలమా, ఇట్లాంటి ప్రశ్నలు. నాలుగో ప్రశ్న, మీ భర్త పేరేమిటి. తక్కిన ప్రశ్నలకు ఆమె పెదవులు కదిలించి ఏదో ప్రయత్నం చేసింది. ఈ ప్రశ్నకు తల వంచుకుంది. నేను సున్నా వేశాను. 'ప్రయత్నం కూడా లేదు' అని పక్కన రాశాను.

మొగుని పేరు నోటితో అనకూడదన్న సంగతి నాకు తెలియదా? మా ఇంట్లో మా అమ్మ అనగా నేను వినలేదు. ఓటర్ల లిస్టు రాసుకునే మాస్టారు గడపలోకి వచ్చి అడిగితే మా వీధి ఆడవాళ్ళు పక్కింటి పిల్లలను పిలిచి చెప్పించేవాళ్ళు. పెండ్లయి కొత్తగా కాపురానికి వచ్చిన కోడలిని గడప కాడ నిలబెట్టి, ఆడబిడ్డలు ఒక్కసారి బలవంతంగా పేరు చెప్పిస్తారు. ఆ పిల్ల సిగ్గుపడుతూ అనేసి లోపలికి పోతుంది. అంతే, ఇక జన్మలో ఆ అవసరం రాదు. పేరు నోటితో అంటే మొగుని ఆయుష్షు తగ్గుతుందని మా వైపు నమ్మకం. ఇవన్నీ నాకు తెలుసు. కానీ తెల్లకోటు వేసుకుని ఆ కాగితం చేతిలో పట్టుకున్నాక, నాకు తెలిసిన ఊరు ఒకటి, కాగితంలో ఉన్న ఊరు ఇంకొకటి అయిపోయాయి. చదువుకున్నదానికి చాకలి తెలివి కూడా లేకపోయిందని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను.

పైగా ఆయన పేరు పెదవులు కలిపి పలికే అక్షరంతో మొదలవుతుంది. నోరు పడిపోయినవాళ్ళకు అట్లాంటి అక్షరాలు సులభం, ఎందుకంటే పలికించేవాళ్ళ పెదవులు కంటికి కనబడతాయి. అందుకని ఆ పేరునే మొదటి మాటగా ఎంచుకున్నాను. ఇంటి మనుషుల పేర్లు రోగికి ఉత్సాహమిస్తాయని పుస్తకంలో ఉంది. ఆ పేరు ఇక్కడ రాయను. ఒకసారి ఆ పేరుతో నేను చేసింది చాలు.

తాతను ఎదురుగా కూర్చోబెట్టేదాన్ని. నా వేలితో ఆమె కిందిపెదవిని పైకి తోసి, మొదటి అక్షరం నేను అని, తక్కినది ఆమెతో అనిపించాలని చూసేదాన్ని. రోజుకు యాభైసార్లు. ఆమె ఏడ్చేది. మెదడుకు దెబ్బ తగిలినవాళ్ళకు ఊరికే ఏడుపు వస్తుంది, అది జబ్బు లక్షణం అని చదువుకున్నాను కాబట్టి, ఫైలులో 'కారణం లేని ఏడుపు' అని రాశాను. తలుపు వైపు చూసేది. అది 'ధ్యాస నిలవకపోవడం'. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆమె మౌనంలో నాకు పూర్తి అంగీకారమే కనబడింది.

మూడోనెలలో ఒక మధ్యాహ్నం ఆ పేరు వచ్చింది. తునిగిపోకుండా, మొదటి నుంచి చివరిదాకా. టేపులో పడింది కూడా. తాత లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు. ఆనందబాష్పాలు మాకు కనబడకుండా తుడుచుకోవడానికి పోయాడని అనుకున్నాను. నర్సులకు దూద్‌పేడాలు పంచాను. నరాల డాక్టరు పైనుంచి దిగి వచ్చి నా గదిలోకి తొంగి చూసి 'గుడ్' అన్నాడు. ఆ నెలాఖరుకు వాన పడింది, వేరుశనగ విత్తే పని ఉందని వాళ్ళు ఊరికి పోయారు. ఆర్నెల్ల తరవాత బెంగుళూరు ఇంటర్వ్యూకు ఆ క్యాసెట్టు తీసుకుపోయాను. బల్ల అవతల ముగ్గురూ ముందుకు వంగి విన్నారు. సీటు ఆ క్యాసెట్టుకే వచ్చిందని నాకు ఇప్పటికీ అనుమానం.

ఇదంతా చెప్పి నాయనతో వాదించాను. ఆయన తూకం వేస్తూనే విన్నాడు.

"సరే పాపా," అన్నాడు చివరికి. "నమూనా చూడకుండా సరుకు ఎట్ల కొంటాము? ఆ యమ్మ దగ్గరికి నన్ను తోలుకపో. నా ముందర మాట్లాడితే బెంగుళూరు పో. లేదంటే చెవులే."

నేను సంతోషంగా ఒప్పుకున్నాను. ఉత్తరాలు వచ్చి అప్పటికి మూడు రోజులైంది.

మరుసటిరోజు అమ్మను అంగట్లో కూర్చోబెట్టి, నాయనా నేనూ పత్తికొండ బస్సెక్కాము. ఆయన సంచిలో రెండు బిస్కెట్టు పొట్లాలు, అరటిపండ్లు పెట్టుకున్నాడు. ఎవరింటికీ వట్టిచేతులతో పోకూడదని ఆయన పట్టుదల. పత్తికొండలో దిగి, ఇంకో బస్సెక్కి, రోడ్డు మీద దిగి కొంత నడిచాము. టమాటా కోతల కాలం. ధర లేనందువల్ల పండ్లు గుట్టలుగా పోసి వదిలేశారు. నాయన ఒక పండు తీసుకుని తుడిచి తింటూ నడిచాడు.

ఇల్లు సులభంగానే దొరికింది. బండలు పరిచిన చిన్న మిద్దె ఇల్లు. ముందర వసారాలో నులకమంచం మీద అవ్వ కూర్చుని ఉంది. కర్నూలులో చూసినప్పటికంటే కొంచెం వొళ్ళు చేసింది. తాత మంచం పక్కనే కింద కూర్చుని తాడు పేనుతున్నాడు. ఆ వేళకు ఆయన చేనులో ఉంటాడని అనుకున్నాను గానీ, పట్టించుకోలేదు.

"అవ్వా, బాగుండావా? నేను గుర్తుండానా?" అన్నాను.

ఆమె నన్ను చూసింది. నోరు తెరిచింది. మొగుని పేరు చెప్పింది.

స్పష్టంగా వచ్చింది. క్యాసెట్టులో ఉన్నదానికంటే బాగా వచ్చింది. నేను నాయన వైపు తిరిగి నవ్వాను. ఆయన ముఖంలో కూడా ఒక్క క్షణం మెచ్చుకోలు కనబడింది.

"ఎవరిది ఆ పేరు?" అని అడిగాడు.

"నాదే సావుకారీ," అన్నాడు తాత, తాడు మీది నుంచి కండ్లెత్తకుండా.

నాయన ముఖంలో మెచ్చుకోలు పోయింది. నేను గమనించాను గానీ ఎందుకో తెలియలేదు. ఉత్సాహంగా సంచిలోంచి బొమ్మల అట్టలు తీశాను. చెంబు బొమ్మ చూపించి "ఇదేంది అవ్వా?" అన్నాను. ఆమె మొగుని పేరు చెప్పింది. దువ్వెన చూపించాను. మొగుని పేరు. ఆవు. మొగుని పేరు. ఒక్కోసారి ఆ పేరు బయటికి రాగానే ఆమె ఎడమచేత్తో నోరు మూసుకునేది. ఆలస్యంగా మూసుకునేది, మాట అప్పటికే వచ్చేసేది. పక్కింటి గోడ అవతల నుంచి ఎవరో ఆడపిల్లలు ఆ పేరునే సాగదీసి అని నవ్వారు. నేను అట్టలు ఒళ్ళో పెట్టుకున్నాను.

ఒక మాట గాడిలో పడిపోవడం అంటారు దీన్ని. మెదడుకు దెబ్బ తగిలినవాళ్ళకు ఏదో ఒక మాట పట్టుకుంటే, ఏం చెప్పబోయినా అదే వస్తుంది. దాని మీద పుస్తకంలో పేజీన్నర ఉంది. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే నేను పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకున్నాను.

"ఎప్పటి నుంచి తాతా ఇట్ల?" అన్నాను.

"ఊరికొచ్చినప్పటి నుంచీ ఇదే కదమ్మా," అన్నాడాయన. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. "నీళ్ళు గావాలన్నా నా పేరే. ఆకలైనా నా పేరే. ఈగ వాలినా నా పేరే. పేరు పెట్టి పిలుస్తాంటే పలకకుండా ఎట్ల పోయేది? అందుకే చేనికి పోవడం మానుకుంటి. కొడుకు చూసుకుంటాండాడు. ఈడనే కూసోనుంటా." తాడు మెలి బిగిస్తూ, "దానికి శానా సిగ్గు," అన్నాడు. "అనకూడదని దానికి తెలుసు. ఆపుకోలేదు. అని, నోరు మూసుకుంటాది. నేను ముందర సచ్చిపోతానని దాని భయం."

నాకు సిగ్గేసింది. సిగ్గు అనేది చిన్నమాట గానీ వేరే మాట నాకు తెలియదు. నలభై ఏండ్లు ఆమె నోట రాని ఒకే ఒక్క మాటను వెతికి పట్టుకుని, నోరు తెరిస్తే అదొక్కటే వచ్చేటట్టు చేశాను. దానికి దూద్‌పేడాలు పంచాను.

నాయన లేచి, మంచం ముందర గొంతుకూర్చున్నాడు. సంచిలోంచి బిస్కెట్టు పొట్లం తీసి ఆమెకు చూపించాడు.

"ఇది గావాల్నా తల్లీ?"

ఆమె నోరు తెరవబోయింది. "నోటితో వద్దులే," అన్నాడాయన. "కండ్లతో చెప్పు." ఆమె కండ్లు పొట్లం మీద నిలవలేదు. అరటిపండు చూపించాడు. నిలవలేదు. చెంబు, దుప్పటి, విసనకర్ర, గడప, ఇంట్లో కనబడిన ప్రతి వస్తువూ వేలితో చూపించుకుంటూ పోయాడు. మా అంగడికి వచ్చే పల్లెవాళ్ళలో సరుకు పేరు మరిచిపోయినవాళ్ళు, ఇంటి దగ్గర చెప్పి పంపిన మాట గుర్తులేనివాళ్ళు ఉంటారు. వాళ్ళకు ఆయన ఒక్కో డబ్బా చూపిస్తూ "ఇదా? ఇదా?" అంటూ పోతాడు. వాళ్ళ నోరు చూడడు, కండ్లే చూస్తాడు. అదే ఇక్కడ చేశాడు. చివరికి తన జేబులోంచి ఆకువక్క పొట్లం తీశాడు. ఆమె తల ముందుకు వచ్చింది.

"ఇదీ సంగతి!" అన్నాడు నాయన.

తాత తాడు కింద పెట్టాడు. "ఆ పాపే కదా మాన్పించింది," అన్నాడు నన్ను చూపించి.

నిజమే. నోటి అభ్యాసాలు చేసేటప్పుడు నోరు శుభ్రంగా ఉండాలని మొదటిరోజే ఆకువక్క మాన్పించాను. అభ్యాసాలు అయిపోయాక మళ్ళీ వేసుకోవచ్చని చెప్పడం మరిచిపోయాను. డాక్టరమ్మ వద్దన్నది కాబట్టి ఇంట్లోవాళ్ళెవరూ పెట్టలేదు. ఊరికి వచ్చిన ఈ ఆరేడు నెలల్లో ఆ మనిషి రోజుకు ఎన్నిసార్లు అడిగి ఉంటుందో తెలియదు, అడిగిన ప్రతిసారీ మొగుని పేరు వచ్చి ఉంటుంది, ఆయన "ఆఁ, ఈడనే ఉండా" అని ఉంటాడు.

"మింగేదానికి ఇబ్బంది ఉందా?" అని నాయన నన్ను అడిగాడు. లేదన్నాను. ఆయన ఒక ఆకుకు సున్నం రాసి, వక్క నలగ్గొట్టి, మడిచి ఆమె ఎడమచేతిలో పెట్టాడు. ఆమె నా వైపు చూసింది, అనుమతి కోసం. నేను తలూపాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగేదానికి నోరు లేకుండా చేసినదాన్ని నేను.

తిరుగుప్రయాణంలో పత్తికొండలో బస్సు మారాము. డోన్ బస్సు కదిలాక, కిటికీ వైపు చూస్తూ నాయన అన్నాడు.

"రేప్పొద్దున మీ యమ్మకు ఇట్లయితే, ఆమెతో గూడా నా పేరే చెప్పిస్తావా?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు. పందెం సంగతి ఆయన ఎత్తలేదు. పందెం ప్రకారమైతే నేను గెలిచినట్టే, ఆమె ఆయన ముందర మాట్లాడింది. కానీ ఇప్పుడు బెంగుళూరంటే నాకే భయం పట్టుకుంది. చెవికి పెట్టిన మిషను సరిపోకపోతే తీసేసి ఇంకోటి పెట్టొచ్చు. నోట్లో పెట్టిన మాటను ఎట్లా తీస్తారు? నాయన చెప్పిన పక్కగదే నాకు తగినదేమో అనిపించింది. హైదరాబాదుకు జవాబు రాయడానికి ఇన్‌లాండు కవరు కూడా కొన్నాను.

మరుసటి పొద్దున అమ్మ వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆమె రాళ్ళు ఏరి పారేస్తూ విన్నది.

"నీకే అట్లయితే," అన్నాను, "ఒకే ఒక్క మాట వస్తుందంటే, ఏ మాట కావాలంటావు?"

"అపశకునం మాటలు," అంది ముందు. తరవాత చెయ్యాపి ఆలోచించింది. నా పేరో, దేవుని పేరో చెబుతుందనుకున్నాను.

"వద్దు," అంది.

"చెప్పొద్దులే అయితే."

"అది కాదు. 'వద్దు' అనే మాట కావాల. కావాల్సింది చేత్తో చూపిచ్చుకుంటా, ఎవురో ఒకరు చూస్తారు. వద్దని చేత్తో చెబితే ఎవురు వింటారు?" అని మళ్ళీ చేటలోకి చూసుకుంది.

తలుపు వైపు చూసిన అవ్వ కండ్లు అప్పుడు గుర్తొచ్చాయి. కారణం లేని ఏడుపు అని రాసిన పేజీ గుర్తొచ్చింది. ఆమె వంద విధాల వద్దని చెప్పింది. వాటిలో ప్రతిదానికీ నా దగ్గర ఒక జబ్బు పేరుంది.

ఇన్‌లాండు కవరు అలమరలో పెట్టి, ఆ రోజు నుంచి రోజూ పల్లెకు పోవడం మొదలుపెట్టాను. పొద్దున బస్సుకు పోయి, సాయంత్రం దీపాలు పెట్టేవేళకు ఇంటికి వచ్చేదాన్ని. గడువుకు ఇంకా ఐదు రోజులే ఉన్నాయి. నాయన రోజూ ఒక ఆకువక్క పొట్లం నా సంచిలో పడేసేవాడు.

బొమ్మల అట్టలు ఇంట్లోనే వదిలేశాను. ముందు ఆమెకు ఏది గిట్టదో ఇంట్లోవాళ్ళను అడిగాను. బార్లీ నీళ్ళు గిట్టవు. చెయ్యి బాగుపడడానికి పిసకమని కర్నూలులో ఇచ్చిన రబ్బరు బంతి గిట్టదు. మధ్యాహ్నం పూట వచ్చి పరామర్శించే ఒక దూరపు బంధువు గిట్టదు గానీ, ఆమెను వాడుకోవడం కుదరలేదు. బార్లీ నీళ్ళ గ్లాసు ముందుకు పెట్టేదాన్ని. ఆమె ముఖం చిట్లించేది. ఆ క్షణంలో ఆమె ఎడమచేతిని పట్టుకుని, అడ్డంగా ఊపి, "వద్దు" అని నేను అనేదాన్ని. వెంటనే గ్లాసు తీసేసేదాన్ని. అది ముఖ్యం. అన్నా అనకపోయినా, చెయ్యి కదిలితే చాలు, గ్లాసు పోవాలి.

మొదటి రెండు రోజులూ చెయ్యి కదిలింది గానీ నోట్లోంచి మొగుని పేరే వచ్చింది. పేరు వచ్చిందంటే కాసేపు ఆపేసి, ఏమీ మాట్లాడకుండా కూర్చునేదాన్ని. మూడోరోజు బంతి చూపిస్తే 'ద్దు' అంది. తాత ఎగిరి లేచాడు. ఆ తరవాత ఆ రోజంతా మళ్ళీ రాలేదు. నాలుగోరోజు అసలే రాలేదు, పేరే పదిసార్లు వచ్చింది. ఆమె విసుక్కుంది, నేనూ విసుక్కున్నాను. సాయంత్రం బస్సులో, హైదరాబాదుకు ఏమని రాయాలో మాటలు కూర్చుకున్నాను కూడా.

ఐదోరోజు, అంటే గడువుకు ఆఖరిరోజు, పొద్దున మూడుసార్లు 'ద్దు' వచ్చింది. బార్లీ నీళ్ళకు ఒకసారి, బంతికి రెండుసార్లు. చెయ్యి నేను పట్టుకోకుండానే ఊపింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రాణం లేచొచ్చేసరికి పాత అలవాటు కూడా లేచొచ్చింది. కొత్తమాట వచ్చింది కదా, పాతమాట మీద ఈమెకు ఇప్పుడు పట్టు వచ్చిందేమో, అడిగితేనే వచ్చేటట్టు అయిందేమో చూద్దామనిపించింది. పరీక్షించకుండా ఉండలేని జబ్బు అది.

"అవ్వా," అన్నాను, "తాత పేరేంది?"

అంటూనే, ఎప్పటిలాగా ఆమె కిందిపెదవికి నా వేలు పోయింది.

ఆమె ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. నా చేతిని తన ముఖం దగ్గర నుంచి తీసి, నా ఒళ్ళో పెట్టింది.

"వద్దు," అంది.

మొదటి అక్షరంతో సహా వచ్చింది. ఆమె చెయ్యి నోటిమీదికి పోతుందేమోనని చూశాను. పోలేదు. ఒళ్ళో ఊరికే ఉంది. ఆమె నా కండ్లలోకి చూస్తోంది.

"ఏమనుకోవాకమ్మా," అన్నాడు తాత, నొచ్చుకుంటూ. "కోపం కాదులే దానికి."

"కోపమే తాతా," అన్నాను. "ఉండనీ."

పదినెలల్లో ఆమె నాతో అన్న మొదటి మాట అది. అంతకు ముందువన్నీ నేను ఆమెతో అనిపించినవి. ఈ తేడా ఏ కాలేజీలో నేర్పిస్తారో నాకు తెలియదు. అది చెవుల వైపు మాత్రం లేదని తెలుసు.

ఆకువక్క పొట్లం ఆమె పక్కన పెట్టి లేచాను. పత్తికొండ బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతులో బెంగుళూరు నంబరు కలవడానికి చాలాసేపు పట్టింది. ఆఫీసు మూసేవేళకు ఎవరో గుమాస్తా ఎత్తాడు. పేరు చెప్పి, సీటు నాకు కావాలన్నాను.